కోలా, గ్రీన్‌లాండ్ సొరచేప: ఒక పోలిక వ్యాసం గాడిన పడిన తీరు

నేపథ్యం

విదేశాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఆన్‌లైన్‌లో సైన్స్ చెప్పడం నా పని. ఈ కేసు ఆస్ట్రేలియాలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయిది. ఊరు, స్కూలు, ఇంటి వివరాలు వదిలేస్తున్నాను. తల్లిదండ్రులను అడిగాకే రాస్తున్నాను. రెండు విషయాలను పోల్చి రాయమంటే పిల్లలు ఎక్కడెక్కడ ఇరుక్కుంటారో అవన్నీ దాదాపుగా ఈ ఒక్క కేసులోనే ఎదురయ్యాయి. తోటి ట్యూటర్లకు, ఇంట్లో పిల్లల ప్రాజెక్టులతో కుస్తీ పడే అమ్మానాన్నలకు పనికొస్తుందని దీన్ని ఎంచుకున్నాను.

అమ్మాయి చదువులో చురుకే. చదివింది గుర్తుంటుంది, మార్కులూ బాగానే వస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, రాత మాత్రం అంతా ఇంగ్లిష్‌లోనే. స్కూల్లో ఇచ్చిన పని ఇది: ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్ల బతికే రెండు జంతువులను తీసుకుని, వాటి శరీరాలు ఆయా చోట్లకు ఎలా సరిపోయాయో పోల్చి వెయ్యి పదాల్లో రాయాలి. తర్వాత క్లాసులో ఐదు నిమిషాలు మాట్లాడాలి. చెట్ల మీద ఉండే మార్సూపియల్స్‌లోంచి, అంటే సంచి జంతువుల్లోంచి కోలాను, లోతు సముద్రంలోంచి గ్రీన్‌లాండ్ సొరచేపను తనే ఎంచుకుంది. కోలాను జూలో దగ్గర నుంచి చూసిందట. సొరచేప ఎందుకమ్మా అంటే, "అది ఐదొందల ఏళ్లు బతుకుతుందంట సార్" అంది.

జంట ఎంపిక మీద నాకు ఒక అనుమానం వచ్చింది. గ్రీన్‌లాండ్ సొరచేప రెండు వేల మీటర్లకు మించిన లోతులో కనిపించిన మాట నిజమే. కానీ ఆర్కిటిక్‌లో నీళ్లు చల్లగా ఉంటే పై దాకా కూడా వచ్చేస్తుంది. పూర్తిగా లోతునే ఉండే గాబ్లిన్ షార్క్ లాంటిది తీసుకోమందామా అని ఆలోచించాను. వద్దనుకున్నాను. గాబ్లిన్ షార్క్ మనుషుల కంటపడేదే బహు తక్కువ. చూడటానికి వింతగా ఉంటుంది గానీ, అది ఎంత తింటుంది, ఎన్నేళ్లు బతుకుతుంది అంటే చేతికి అంకెలు దొరకవు. పోల్చాలంటే రెండు వైపులా కొలతలు ఉండాలి. గ్రీన్‌లాండ్ సొరచేప ఈత వేగం మీద 2012లో, వయసు మీద 2016లో, తిండి అవసరం మీద 2020లో పరిశోధనా పత్రాలు వచ్చాయి. అందుకే ఆ జంటనే ఉంచాం.

వచ్చిన సమస్య

మొదటి డ్రాఫ్ట్ పంపింది. రెండు నిలువు వరసల పెద్ద పట్టిక. ఒకవైపు కోలా: యూకలిప్టస్ ఆకులు, రోజుకు ఇరవై గంటల దాకా నిద్ర, కడుపు సంచి, రెండు బొటనవేళ్లున్న చేతులు, మనుషుల్లాంటి వేలిముద్రలు. ఇంకోవైపు సొరచేప: మాంసం, చీకటి, ఎముకలకు బదులు మృదులాస్థితో ఉన్న గూడు, కంటికి వేలాడే పరాన్నజీవి. పట్టిక కింద వ్యాసం. ఆ వ్యాసంలో కొత్తగా ఏమీ లేదు, పట్టికనే వాక్యాలు చేసింది. కోలా చెట్టు మీద ఉంటుంది కానీ సొరచేప నీళ్లలో ఉంటుంది. కోలా ఆకులు తింటుంది కానీ సొరచేప మాంసం తింటుంది. ఇలా చివరి దాకా.

స్కూల్లో టీచర్ దాని కింద రాసిన వ్యాఖ్య సారాంశం ఇంతే: వివరాలు బాగున్నాయి, అయితే ఏంటి? ఇంతకు ముందు రాసిన వ్యాసానికీ ఇదే వ్యాఖ్య వచ్చిందని వాళ్లమ్మ చెప్పింది. "ఎంత చదివినా ఇదే మాట అంటున్నారండీ, దీనికి టెన్షన్ పట్టుకుంది. ఇంకా ఇంకా సమాచారం పోగేస్తోంది."

నేను గమనించింది కూడా అదే. వ్యాఖ్య వచ్చిన ప్రతిసారీ అమ్మాయి పట్టికకు ఇంకో రెండు వరసలు కలుపుతోంది. లోటు సమాచారంలో ఉందనుకుంటోంది. నాకేమో లోటు వేరేచోట కనిపించింది. తేల్చుకోవడానికి చిన్న పరీక్ష పెట్టాను. "ఈ పట్టికలో నీకిష్టమైన ఐదు వరసలు కొట్టేయమ్మా" అన్నాను. కొట్టేసింది. "ఇప్పుడు వ్యాసంలో ఏమైనా కూలిందా?" అని అడిగాను. కాసేపు చూసి, "ఏం కాలేదు సార్" అంది. ఏ వరస తీసేసినా మిగతావి చెక్కుచెదరడం లేదంటే, అవి ఒకదాని మీద ఒకటి నిలబడి లేవన్నమాట. ఒక ప్రశ్నకు జవాబుగా పేర్చినవైతే ఒకటి తీస్తే పక్కది ఊగాలి.

ఆ ప్రశ్నేదో నేనే చెప్పేయొచ్చు. చెబితే ఈ వ్యాసం గట్టెక్కుతుంది. వచ్చే టర్మ్‌లో ఇంకో జంట ఇస్తే మళ్లీ పట్టికే వస్తుంది. గడువుకు ఇంకా సమయం ఉంది కాబట్టి తనే వెతుక్కునేలా చేద్దామనుకున్నాను.

చేసి చూసినవి

ముందు తప్పులు సరిదిద్దడమా, కూర్పు సరిదిద్దడమా? తప్పులతోనే మొదలుపెట్టాను. తప్పు వివరం మీద మంచి ప్రశ్న నిలబడదు. పైగా ఒక తప్పు వెనక చెప్పుకోదగ్గ కథ ఉంది.

కోలాను ఎలుగుబంటి అని రాసింది, అది ఒక్క మాటలో పోయింది. యూకలిప్టస్ ఆకుల మత్తుతో కోలా ఎప్పుడూ పడుకుంటుందన్నది రెండో తప్పు. చాలామంది నమ్మే మాటే ఇది. ఆ ఆకుల్లో విషపదార్థాలు ఉన్న మాట వాస్తవం. కానీ కోలా కాలేయం వాటిని విరిచేస్తుంది. 2018లో కోలా జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) ప్రచురించినప్పుడు, ఇలాంటి పదార్థాలను విరిచే ఎంజైముల్లో సీవైపీ2సీ అనే కుటుంబానికి చెందిన జన్యువులు 31 కనిపించాయి. నిద్రకు కారణం మత్తు కాదు, ఆ ఆకుల్లో బలం లేకపోవడం. మాంసకృత్తులు తక్కువ, పీచు ఎక్కువ.

మూడోది ఆ ఐదొందల ఏళ్ల సంగతి. డ్రాఫ్ట్‌లో "512 సంవత్సరాలు బతుకుతుంది" అని ఉంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతకమన్నాను. 2016లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూలియస్ నీల్సన్ బృందం సైన్స్ పత్రికలో వేసిన పత్రం అది. 28 ఆడ సొరచేపల కళ్లను పరీక్షించారు. మామూలు చేపల వయసు చెవి లోపలి చిన్న రాయిలాంటి భాగంలో వలయాలు చూసి లెక్కకడతారు. సొరచేపలకు అది లేదు. కొన్ని జాతుల సొరచేపల్లో వెన్నుపూసల మీద, రెక్కల ముళ్ల మీద వలయాలు ఏర్పడతాయి. గ్రీన్‌లాండ్ సొరచేపకు వెన్నుపూసలు మరీ మెత్తన, ముళ్లూ లేవు. ఇక మిగిలింది కంటి కటకం. అది పొరలు పొరలుగా పెరుగుతుంది. నడిమధ్య భాగం తల్లి కడుపులో ఉండగానే ఏర్పడి, ఆ తర్వాత మారదు. అందులోని రేడియో కార్బన్ (కార్బన్-14) కొలిస్తే పుట్టిన కాలం అంచనాకు వస్తుంది. 1950లు, 60ల్లో గాలిలో జరిపిన అణుపరీక్షల వల్ల కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి సముద్ర జీవుల్లోకీ చేరింది. ఆ గుర్తు బాగా చిన్న సొరచేపల కళ్లలోనే కనబడింది. మిగతావి అంతకు ముందే పుట్టాయని తేలింది.

వాటిలో అన్నిటికన్నా పెద్దది 5.02 మీటర్ల పొడవు. దాని వయసు 392 ఏళ్లు, అటు 120 ఇటు 120. అంటే 272కూ 512కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 512 అన్నది ఆ అంచనాకు పై అంచు. "కనీసం 272 ఏళ్లు" అని రాస్తే వాక్యం తిరుగులేనిదవుతుంది, ఆశ్చర్యం కూడా ఏమీ తగ్గదు. అమ్మాయికి ఇది కాస్త నిరాశే. ఆ జంతువును ఎంచుకున్నదే ఆ ఐదొందల కోసం. నీల్సన్ బృందం అంచనా ప్రకారం ఆడ సొరచేప పిల్లల్ని కనే వయసుకు రావడానికే దాదాపు 150 ఏళ్లు పడుతుందని చెప్పాక మొహం వెలిగింది.

తప్పులు పోయాయి. వ్యాసం మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. ఇప్పుడు అన్నీ నిజాలే ఉన్న పట్టిక అయింది, అంతే.

తర్వాత వెన్ చిత్రం గీయించాను. రెండు వృత్తాలు, మధ్యలో ఉమ్మడి భాగం. స్కూళ్లలో పోలికలకు మామూలుగా చేయించేది ఇదే. తేడాలే రాస్తున్న పిల్ల పోలికలు కూడా వెతుకుతుందని నా ఆశ. మధ్య భాగం తొందరగానే నిండింది: రెండూ నెమ్మది, రెండూ ఒంటరిగా తిరుగుతాయి, రెండూ పిల్లల్ని కంటాయి, రెండింటికీ విషంతో సంబంధం ఉంది.

చూడటానికి బాగుంది. ఒక్కొక్కటీ గిల్లి చూస్తే పోతోంది. పిల్లల్ని కనడమే తీసుకోండి. కోలా గర్భం సుమారు 35 రోజులు. పుట్టే పిల్ల రెండు సెంటీమీటర్లు, గ్రాము బరువు కూడా ఉండదు. కళ్లు తెరవకుండానే పాకుతూ సంచిలోకి చేరి ఆరు నెలలు అక్కడే పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ సొరచేపలో గుడ్లు తల్లి కడుపులోనే పొదుగుతాయి. బయటికి వచ్చే పిల్ల దాదాపు 40 సెంటీమీటర్లు, వచ్చిన క్షణం నుంచి దాని బతుకు దానిదే. ఒకటి మరీ ముందే కని బయట పెంచుతోంది, ఇంకొకటి పూర్తిగా లోపలే పెంచి వదిలేస్తోంది. దీన్ని ఉమ్మడి భాగంలో పెట్టడం అన్యాయం.

విషం సంగతి మరీ ఊరించింది. ఒకదాని తిండిలో విషం, ఇంకోదాని ఒంట్లోనే విషం! సొరచేప మాంసంలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే రసాయనం విపరీతంగా ఉంటుంది. పచ్చిది తింటే మత్తు, వాంతులు. ఐస్‌లాండ్‌లో దాన్ని పులియబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, హాకార్ల్ అనే పేరుతో తింటారు. అమ్మాయి దీన్నే శీర్షిక చేస్తానంది. కానీ కోలా విషాన్ని విరిచేస్తోంది, సొరచేప ఒంట్లోని రసాయనం లోతులోని ఒత్తిడికి ప్రొటీన్లు పాడవకుండా కాపాడుతోంది. రెండింటికీ కలిపి ఒక 'ఎందుకు' దొరకలేదు. చప్పట్లు కొట్టించే వాక్యం వస్తుంది, దాని తర్వాత రాయడానికి ఏమీ ఉండదు. వద్దన్నాను. ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది.

మూడోసారి పరిణామం వైపు నుంచి ప్రయత్నించాం. కోలా పూర్వీకులూ సొరచేప పూర్వీకులూ విడిపోయి నలభై కోట్ల ఏళ్లు దాటింది, అక్కడి నుంచి ఎవరి దారి ఎటు పోయిందో చూద్దామని. ఇది పూర్తిగా బెడిసికొట్టింది. వ్యాసం వెన్నెముక ఉన్న జీవులన్నిటి చరిత్రగా మారిపోయింది. మూడు పేరాలు గడిచినా కోలా రాలేదు. ఇంత విడివిడి జీవులకు ఇంత వెనక్కి వెళితే చెప్పేదంతా రెండు పెద్ద గుంపుల గురించే ఉంటుంది, ఈ రెండు జంతువుల గురించి ఉండదు. ఒక్క క్లాసుతోనే ఆపేశాం.

దారి దొరికిన చోటు

కాగితం చేతిలో ఉన్నంతసేపూ పిల్ల పట్టిక వైపే పోతోంది. కాబట్టి కాగితం తీసేద్దామనుకున్నాను. ఇండియాలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి, ఈ రెండు జంతువుల గురించి చూడకుండా తెలుగులో చెప్పమన్నాను. నోటితో చెప్పేటప్పుడు ఇరవై వరసలు చదవలేం, ఎదుటి మనిషి ఊరుకోదు కూడా. ఏం మిగులుతుందో చూద్దామని.

వారం తర్వాత క్లాసుకు వచ్చి చెప్పింది. కోలా ఇరవై గంటలు పడుకుంటుందనీ, సొరచేప గంటకు కిలోమీటరు పైచిలుకు మాత్రమే ఈదుతుందనీ, రెండూ మహా బద్ధకస్తులనీ అమ్మమ్మకు చెప్పిందట. అమ్మమ్మ విని, "అంత ఒళ్లేసుకుని ఆ చేప రోజుకెంత తింటుందే?" అని అడిగిందట.

"నాకు తెలీలేదు సార్. పట్టికలో ఏం తింటుందో ఉంది, ఎంత తింటుందో లేదు."

అక్కడ పట్టుకున్నాను. వెన్ చిత్రంలో మిగిలిన ఒకే ఒక్క గట్టి పోలిక నెమ్మదితనం. అమ్మమ్మ అడిగింది దానికి కారణం దగ్గరికి వెళ్లే ప్రశ్న. నెమ్మదిగా ఉండటమంటే ఖర్చు తగ్గించుకోవడం. ఖర్చు గురించి మాట్లాడాలంటే రాబడి తెలియాలి. రెండు జంతువులకూ ఒకే కొలమానం దొరికింది.

అంకెలు తెచ్చుకుంది. ఎనిమిది కిలోల కోలా రోజుకు సుమారు అరకిలో ఆకు తింటుంది. కెనడా ఆర్కిటిక్‌లో కొన్ని సొరచేపల ఆక్సిజన్ వాడకం కొలిచి 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం, 224 కిలోల గ్రీన్‌లాండ్ సొరచేపకు రోజుకు 61 నుంచి 193 గ్రాముల చేప గానీ సముద్ర క్షీరదపు మాంసం గానీ చాలు. కొలిచింది చాలా కొద్ది చేపలనే, కాబట్టి ఇది ఉజ్జాయింపు అని వ్యాసంలోనే రాయించాను.

కోలా తన బరువులో ఆరు శాతం తింటోంది. సొరచేప ఒక శాతంలో పదో వంతు కూడా తినడం లేదు. డెబ్బై రెట్లకు పైగా తేడా. అమ్మాయి ఇక్కడే ఆగి వ్యాసం రాసేద్దామంది. నేను ఆపాను. గ్రాము ఆకూ గ్రాము చేపా ఒకటి కాదు. ఆకులో సగానికి సగం నీరు, మిగిలిన దాంట్లో చాలా భాగం పీచు. రెండింటినీ శక్తిలోకి మార్చాలి.

ఈ లెక్క ఇద్దరం కలిసి వేశాం. చేప మాంసం వంద గ్రాములకు 100 నుంచి 150 కిలోకేలరీలు అనుకుని, పై అంకె 193 గ్రాములే తీసుకుంటే, సొరచేప రోజు ఖర్చు 200 నుంచి 300 మధ్య వచ్చింది. కోలాకు క్లైబర్ సూత్రం వాడాం, అంటే బరువును బట్టి జంతువు రోజు ఖర్చు అంచనా వేసే సూత్రం. ఎనిమిది కిలోల మామూలు క్షీరదం కదలకుండా ఉన్నా రోజుకు సుమారు 330 కిలోకేలరీలు కావాలి. సంచి జంతువుల జీవక్రియ సగటున మిగతా క్షీరదాల కంటే 30 శాతం తక్కువ. అలా తగ్గిస్తే 230. ఇది ఊరికే కూర్చున్నప్పటి లెక్క. ఎక్కడం, నమలడం, విషం విరవడం కలిపితే ఇంకా పెరుగుతుంది.

అంకెలు పక్కపక్కన పెట్టి చూసింది. "సార్, రెండూ ఒకటే!" అంది. ఎనిమిది కిలోల కోలా, 224 కిలోల సొరచేప, రోజు ఖర్చు ఇంచుమించు ఒకే కోవలో. తనే మళ్లీ అడిగింది: "మరి సొరచేప అంత తక్కువతో ఎలా బతుకుతోంది?"

టీచర్ రాసిన 'అయితే ఏంటి'కి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఇక నేను చేయాల్సింది తక్కువ.

జవాబులో మొదటి సగం చలి. కోలా తన ఒంటిని 36 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవాలి, బయట ఎండైనా వానైనా. సొరచేప ఒళ్లు చుట్టూ ఉన్న నీటితో సమానం, సున్నాకు కాస్త అటూ ఇటూ, ఎక్కువగా ఐదు డిగ్రీల లోపే. పది డిగ్రీలు పెరిగితే ఒంట్లో రసాయన చర్యలు రెండు మూడు రెట్లవుతాయన్న లెక్క ప్రకారం, 34 డిగ్రీల తేడా దగ్గరే పది నుంచి నలభై రెట్లు వచ్చేస్తోంది. పైగా పెద్ద జంతువుకు కిలోకు అయ్యే ఖర్చు చిన్నదాని కంటే తక్కువ. ఈ బరువుల తేడాకు అది రెండింతలు పైనే. మొత్తం తేడా ఈ రెండు కారణాలతోనే దాదాపుగా తేలిపోయింది.

రెండో సగం కోలాది. దానికి వేడి ఒంటి ఖర్చు తప్పదు, రాబడేమో బలం లేని ఆకు. అందుకే దాని ఒళ్లంతా ఆకు నుంచి ఉన్న కాస్త శక్తినీ పిండే ఏర్పాటే. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే అంధనాళం దానికి దాదాపు రెండు మీటర్లు. జంతువు పొడవుకు రెండింతలకు పైనే! అక్కడ సూక్ష్మజీవులు మెత్తటి రేణువులను రోజుల తరబడి పులియబెడతాయి. ఆ సూక్ష్మజీవులు పిల్లకు పుట్టుకతో రావు. సంచిలోంచి బయటికి వచ్చే రోజుల్లో తల్లి విసర్జించే మెత్తటి పదార్థం తిని పిల్ల వాటిని సంపాదించుకుంటుంది. అమ్మాయి "ఛీ సార్" అంది, క్లాసులో చెప్పనంది. తిండి కథలో అది అసలైన ముడి, తీసేస్తే పిల్ల కోలా ఆకు ఎలా అరిగించుకుంటుందో చెప్పలేవు అన్నాను. వ్యాసంలో ఒక వాక్యంగా ఉంచింది.

ఇక్కడి నుంచి ఏ వరస ఉండాలో, ఏది పోవాలో దానంతటదే తేలిపోయింది. వేలిముద్రలు పోయాయి. కంటికి వేలాడే పరాన్నజీవి పోయింది. అదంటే తనకు చాలా ఇష్టం, అందుకే ప్రశ్నల సమయానికి దాచుకోమన్నాను. సొరచేప వేగం నిలిచింది, కానీ కొత్త పనితో. 2012 పత్రంలో, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర పరికరాలు కట్టి కొలిస్తే సగటు వేగం సెకనుకు 0.34 మీటర్లు వచ్చింది. ఆ వేగంతో మేలుకున్న సీల్‌ను పట్టడం కష్టం, బహుశా నీళ్లలో నిద్రపోతున్న వాటిని పడుతుందని ఆ పరిశోధకులు రాశారు. చచ్చిన జంతువుల మాంసమూ తింటుంది. తిండి ఎప్పుడో గానీ దొరకదు, అయినా సరిపోతుంది. ఒకసారి ఇరవై కిలోల మాంసం దొరికితే పై అంకె ప్రకారం చూసినా వంద రోజులు గడుస్తాయి. కోలాకు ఆ వీలు లేదు, రేపు మళ్లీ తినాల్సిందే.

చివరి మెలిక

ఇంత చక్కగా కుదిరాక అమ్మాయి ముగింపులో ఇలా రాసింది: నెమ్మదిగా బతికేవి ఎక్కువ కాలం బతుకుతాయి. నిదానమే ప్రధానం అని అమ్మమ్మ కూడా అందట. వినడానికి ఎంత బాగుందో!

దీన్ని నేను నేరుగా కొట్టేయలేదు. "నీ రెండు జంతువుల్లో రెండోదాన్ని అడుగు" అన్నాను. కోలా కూడా నెమ్మదే కదా, మరి ఎన్నేళ్లు? అడవిలో పదీ పదిహేనేళ్లు. తన వ్యాసంలోని జంతువే తన ముగింపును పడగొట్టింది. ఎందుకని తవ్వితే మళ్లీ తిండే వచ్చింది. పీచు ఆకును రోజూ నమిలి నమిలి కోలా దవడ పళ్లు అరిగిపోతాయి. కొత్తవి రావు. ముసలి కోలా చెట్టు నిండా ఆకున్నా మెత్తగా నూరలేక ఆకలితో చస్తుంది. కాబట్టి నెమ్మదితనం ఒక్కటే ఆయుష్షు ఇవ్వదు. చలితో వచ్చిన నెమ్మది వేరు, పేద తిండితో వచ్చిన నెమ్మది వేరు. పాత ముగింపు తీసేసి ఇదే రాసింది. వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేరా అది.

సంరక్షణ గురించి ఒక పేరా తప్పనిసరి అని స్కూలు వాళ్లు అడిగారు. దాన్ని కూడా ఇదే దారిలో రాసింది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతంలో కోలాను 2022లో అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. దానికి కావాల్సింది తనకు సరిపడే చెట్లు. సొరచేపకు ముప్పు వేరే రకం. ఒకప్పుడు కాలేయపు నూనె కోసం పట్టేవారు, ఇప్పుడు వేరే చేపల కోసం వేసిన వలల్లో పడుతోంది. 150 ఏళ్లకు గానీ పిల్లల్ని కనలేని చేప ఒకటి వలలో పోతే, దాని చోటు నిండటానికి ఎన్ని తరాల మనుషులు దాటాలో లెక్కేసి చూపించింది.

ఫలితం, గమనించినవి

మాట్లాడిన రోజు పట్టిక తీసుకెళ్లలేదు. బోర్డు మీద రెండు బరువులూ వాటి కింద రెండు ఖర్చులూ రాసి మొదలుపెట్టిందట. ఒకబ్బాయి సొరచేపకు నిద్ర ఉంటుందా అని అడిగాడట. నాకు తెలీదు, కానీ ఖర్చు తగ్గించడానికి దానికి నిద్ర అవసరం లేదు, చలే ఆ పని చేస్తోంది అని చెప్పిందట. ఆ జవాబు నేను నేర్పింది కాదు. టీచర్ ఈసారి రాసిన వ్యాఖ్యలో, వాడిన అంకెలకు ఆధారాలు సరైన పద్ధతిలో ఇవ్వలేదని ఉంది. అది న్యాయమైన వ్యాఖ్యే. మేం దాని మీద పని చేయలేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి కొన్ని. పోలిక వ్యాసం వస్తే వరసలు కొట్టేయించే పరీక్ష ముందే పెడుతున్నాను, డ్రాఫ్ట్ ముదరక ముందే. వెన్ చిత్రం మానలేదు, కానీ మధ్య భాగంలో పడిన ప్రతిదానికీ రెండు వైపులా కారణం రాయిస్తున్నాను. కారణాలు వేరైతే అదే మంచి ప్రశ్న. వింత వివరాలను తిట్టి తీసేయించడం కన్నా ప్రశ్నల సమయానికి పక్కన పెట్టించడం తేలిక, పిల్లలు గొడవ చేయరు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పించడం కూడా కొనసాగిస్తున్నాను. అందరి అమ్మమ్మలూ ఇంత పదునైన ప్రశ్న వేయరనుకోండి.

తిండి ఖర్చు లెక్క అన్నిచోట్లా పనిచేయదు. ఈ మధ్య ఇంకో పిల్లవాడు కోలాకు జోడీగా దక్షిణ అమెరికా స్లాత్‌ను తెచ్చాడు. అది కూడా చెట్టు మీదే, ఆకులే, అదీ నెమ్మదే. ఎంత తింటాయి, ఎందుకు నెమ్మది అని అడిగితే రెండు వైపులా ఇంచుమించు ఒకే జవాబు వచ్చి వ్యాసం అక్కడే ఆగిపోయింది. వాడితో ప్రశ్న తిరగేయాల్సి వచ్చింది: ఇంత ఒకేలాంటి ఇబ్బందికి రెండూ ఎక్కడ వేరే దారి పట్టాయి? స్లాత్ తన ఒంటి వేడిని వాతావరణంతో పాటు కొంత పడిపోనిస్తుంది, కోలా అలా చేయదు. ప్రస్తుతం అక్కడి నుంచి పని చేస్తున్నాం.